వైద్యరంగ విద్యకు చిన్న కళాశాలను ఎన్నుకొనుట ఎలా? సరిహద్దు కుటుంబాలకు ఒక కరదీపిక

ప్లస్ టూ, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన పదిహేను ఇరవై దినములలోనే మన గ్రామాలలో ఒక హడావిడి మొదలవుతుంది. సైన్సు చదివిన పిల్లలున్న ఇళ్ళకు రంగురంగుల కరపత్రాలు వస్తాయి. ఎవరో దూరపు బంధువు వెంట ఒక మధ్యవర్తి వస్తాడు. “సీటు ఒక్కటే మిగిలింది, రేపటికల్లా సొమ్ము కట్టండి” అంటాడు. తల్లిదండ్రులు పొలం కాగితాలో, తల్లి మెడలోని బంగారమో బ్యాంకులో పెట్టి పిల్లను చేర్పిస్తారు. మూడు నాలుగేళ్ళ తరువాత ఆ పట్టా ఉద్యోగానికి పనికి వస్తుందా లేదా అన్నది ఆ ఒక్క దినమున తీసుకున్న నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటుంది.

గంజాం, గజపతి జిల్లాల తెలుగువారికీ, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట, పాతపట్నం ప్రాంతాలవారికీ ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం. ఇరు రాష్ట్రాల నిబంధనలు వేరు, భాషలు వేరు, మండళ్ళు వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు రాజధానిలో భాగమే. నాడు గీసిన గీత మన పెళ్ళిళ్ళను, పండుగలను ఆపలేదు గాని, కళాశాల ప్రవేశ దరఖాస్తులో మాత్రం అడుగడుగునా అడ్డు వస్తూనే ఉంది. ఈ వ్యాసంలో చదువుల రకాలు, మన చుట్టుపక్కల గల సంస్థలు, స్థానికత, గుర్తింపు, ఆసుపత్రి, భాష, ఖర్చు అను అంశాలను వరుసగా పరిశీలిద్దాము.

వైద్యరంగమంటే డాక్టరు ఒక్కడే కాదు

మన ఇళ్ళలో “మెడిసిన్ రాకపోతే ఇక చదువే లేదు” అనే భావన బలంగా ఉంది. ఇది సరికాదు. ఒక ఆసుపత్రిలో ఒక డాక్టరు వెనుక నర్సులు, ఫార్మసిస్టు, రక్తపరీక్షలు చేసేవారు, ఎక్స్‌రే తీసేవారు, శస్త్రచికిత్స గదిలో సాయపడేవారు, డయాలిసిస్ యంత్రం నడిపేవారు, ఫిజియోథెరపిస్టు ఇలా ఎందరో పని చేస్తారు. ముఖ్యమైన చదువులు ఇవి.

ఎం.బి.బి.ఎస్.: ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర సంవత్సరాలు. నీట్ తప్పనిసరి. ఆయుర్వేద (బి.ఎ.ఎం.ఎస్.), హోమియో (బి.హెచ్.ఎం.ఎస్.) కోర్సులకు కూడా కాలవ్యవధి అంతే, నీట్ కూడా తప్పనిసరే.

బి.ఎస్సీ. నర్సింగ్: నాలుగు సంవత్సరాలు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషుతో ప్లస్ టూ ఉత్తీర్ణత, సాధారణ వర్గానికి సైన్సులో 45 శాతం మార్కులు ఉండాలి. ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 సంవత్సరాలు నిండాలి.

జి.ఎన్.ఎం.: మూడు సంవత్సరాల డిప్లొమా. సైన్సుకు ప్రాధాన్యం ఉన్నా, ఇతర విభాగాలవారు కూడా 40 శాతం మార్కులతో, ఇంగ్లీషులో ఉత్తీర్ణులై ఉంటే అర్హులు. తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేసి పట్టభద్రులు కావచ్చు.

ఎ.ఎన్.ఎం.: రెండేళ్ళు. గ్రామీణ ఉపకేంద్రాలలో మనం చూసే ఆరోగ్య కార్యకర్తల చదువు ఇదే.

డి.ఫార్మసీ: రెండేళ్ళు, ఆపైన 500 గంటల ప్రయోగాత్మక శిక్షణ. ఇది పూర్తి చేసినవారు బి.ఫార్మసీ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. బి.ఫార్మసీ నాలుగేళ్ళు, ఫార్మ్.డి. ఆరేళ్ళు.

ల్యాబ్, ఎక్స్‌రే, శస్త్రచికిత్స గది, డయాలిసిస్ సాంకేతిక కోర్సులు: డిప్లొమాలు సాధారణంగా రెండేళ్ళు, డిగ్రీలు మూడు నాలుగేళ్ళు. ఫిజియోథెరపీ డిగ్రీ శిక్షణతో కలిపి నాలుగున్నర నుంచి అయిదేళ్ళు.

ఇందులో డయాలిసిస్ గురించి మన ప్రాంతీయులకు వేరే చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాలతో కూడిన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. 2016లో కేంద్రం జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. యంత్రాలు వచ్చినంత మాత్రాన రోగికి మేలు జరగదు, వాటిని నడిపే శిక్షితులు కావాలి. వారు మన పిల్లలే అయితే రోగితో రోగి భాషలో మాట్లాడగలరు.

మన చుట్టుపక్కల ఏమేమి ఉన్నవి?

బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962లో స్థాపితమైంది. ఒడిశా తొలి ప్రధానమంత్రిగా పనిచేసిన పర్లాకిమిడి మహారాజు పేరిట వెలసిన ఈ సంస్థ దక్షిణ ఒడిశాకే గాక శ్రీకాకుళం జిల్లా ఉత్తర మండలాలకు కూడా పెద్దాసుపత్రి. ఎం.బి.బి.ఎస్.లో ఏటా 250 సీట్లు గలవు. బరంపురంలోనే బిజూ పట్నాయక్ హోమియో వైద్య కళాశాల, నగర సమీపమున అంకుశపురంలో కవిరాజ్ అనంత త్రిపాఠి శర్మ ఆయుర్వేద కళాశాల ప్రభుత్వ సంస్థలుగా ఉన్నవి. నగరంలోని క్రిస్టియన్ హాస్పిటల్ చాలా కాలంగా నర్సింగ్ శిక్షణకు పేరు పొందింది. ఖొడాసింగిలోని రోలాండ్ ఫార్మసీ సంస్థ వంటి ప్రైవేటు ఫార్మసీ కళాశాలలూ కలవు. పర్లాకిమిడి వద్ద సెంచూరియన్ విశ్వవిద్యాలయం 2010లో చట్టబద్ధ విశ్వవిద్యాలయమైంది.

గీతకు ఇవతల, శ్రీకాకుళం పట్టణంలో 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. విజయనగరంలో 2023లో మరొకటి వచ్చింది. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల 1923 నాటిది. ఇచ్ఛాపురం నుండి బరంపురం సుమారు పాతిక కిలోమీటర్లు, విశాఖ అంతకు పది రెట్లు దూరం. అందుచేతనే సరిహద్దు కుటుంబాల చూపు సహజంగా బరంపురం వైపు మళ్ళుతుంది. ఈ ప్రభుత్వ సంస్థలలో సీటు వచ్చినవారు మరో ఆలోచన లేకుండా చేరవచ్చు. సీటు రాని అధిక సంఖ్యాకులకు మిగిలేవి చిన్న ప్రైవేటు కళాశాలలే. ఎంపిక సమస్య అక్కడే మొదలవుతుంది.

స్థానికత: ముందుగా తేల్చుకోవలసిన విషయం

కళాశాల పేరు అడగడానికి ముందు, మన పిల్ల ఏ రాష్ట్రానికి స్థానికురాలన్నది తేల్చుకోవాలి. ప్రభుత్వ వైద్య కళాశాలలలో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు, 85 శాతం రాష్ట్ర కోటాకు చెందుతాయి. ఒడిశా రాష్ట్ర కోటాకు ఆ రాష్ట్ర శాశ్వత నివాసమో, నిబంధనలలో చెప్పిన ఇతర సంబంధమో చూపవలసి ఉంటుంది. దీనికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రమే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి వేరు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివారన్నది ముఖ్యం. అనగా తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు.

ఈ రెండు పద్ధతుల నడుమ మన పిల్లలు చిక్కుకుంటారు. ఇచ్ఛాపురం వైపు కుటుంబం తమ బిడ్డను ఒడిశా పాఠశాలలో తొమ్మిది నుండి ప్లస్ టూ వరకు చదివించిందనుకోండి. నాలుగేళ్ళ చదువు లేనందున ఆంధ్రలో స్థానికత చిక్కులో పడుతుంది. నివాసం లేనందున ఒడిశాలోనూ చిక్కే. చదువులో ఏ లోపమూ లేని బిడ్డ రెండు వైపులా పరాయిదవుతుంది. కనుక ఎనిమిదవ తరగతిలో ఉన్నప్పుడే ఈ లెక్క వేసుకొనవలెను. పదవ తరగతి అయ్యాక వేసే లెక్క ఆలస్యమైన లెక్క.

కులధ్రువపత్రం విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఒక రాష్ట్రపు జాబితాలో ఉన్న కులం మరొక రాష్ట్రపు జాబితాలో ఉండకపోవచ్చు. ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రంతో వేరొక రాష్ట్రపు రిజర్వేషను లభించదు.

నీట్ రాయువారు మరొక సంగతి గమనించాలి. ఈ పరీక్ష తెలుగు, ఒడియా సహా 13 భాషలలో జరుగుతుంది. అయితే ప్రాంతీయ భాషా ప్రశ్నపత్రం ఆ భాషకు నిర్దేశించిన రాష్ట్రాల కేంద్రాలలోనే ఇస్తారు. తెలుగు పత్రం కోరుకొనువారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలను ఎన్నుకోవాలి. ఒడియా పత్రం ఒడిశా కేంద్రాలలో లభిస్తుంది. ఇంగ్లీషు పత్రం ఎక్కడైనా దొరుకుతుంది. బరంపురం కేంద్రం దగ్గరని పెట్టుకొని తెలుగు పత్రం ఆశించడం కుదరదు. దరఖాస్తు నింపే సైబర్ కేంద్రం కుర్రవానికి ఈ సంగతి తెలియకపోవచ్చు, మనమే చూసుకోవాలి.

చిన్న కళాశాల: లాభములు, నష్టములు

చిన్న కళాశాల అనగానే తక్కువ చూపు చూడనక్కరలేదు. తరగతికి నలభై అరవై మంది ఉన్నచోట అధ్యాపకురాలికి ప్రతి పిల్ల పేరూ తెలుస్తుంది. పల్లెటూరి తెలుగు మాధ్యమం నుండి వచ్చిన బిడ్డ ఇంగ్లీషు శరీరనిర్మాణశాస్త్రం పుస్తకం తెరిచి బెదిరిపోయినప్పుడు, ఆ బెదురును గమనించే మనిషి అక్కడ ఉంటారు. ఇంటికి దగ్గర కావడంతో పండుగకు రావచ్చు, జబ్బు చేస్తే తల్లి వెళ్ళవచ్చు. వసతి ఖర్చు తగ్గుతుంది.

నష్టములు కూడా దాని చిన్నతనంలోనే ఉన్నవి. ఇద్దరు అధ్యాపకులు మానేస్తే ఒక విభాగమే మూతపడుతుంది. సొంత ఆసుపత్రి లేకపోతే శిక్షణ కాగితానికే పరిమితమవుతుంది. యాజమాన్యం ఒకే కుటుంబానిదైతే ఫిర్యాదు చెప్పుకొనే చోటు ఉండదు. గుర్తింపు ఒక్క ఏడాది ఆగినా కళాశాల తట్టుకోలేదు, ఆ భారం విద్యార్థి మీద పడుతుంది. కాబట్టి చిన్నదా పెద్దదా అని గాక, ఆ చిన్న కళాశాలకు గుర్తింపు, ఆసుపత్రి, అధ్యాపకులు అను మూడు స్తంభాలు ఉన్నవా అని చూడాలి.

మొదటి స్తంభం: గుర్తింపు

గుర్తింపు ఒకటి కాదు. అనేక కళాశాలలు “ప్రభుత్వ గుర్తింపు పొందినది” అని బోర్డు మీద రాస్తాయి. ఏ ప్రభుత్వం, ఏ మండలి, ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి అని అడగాలి.

నర్సింగ్ కోర్సులకు మూడు మెట్లు. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ఒకటి. రాష్ట్ర నర్సింగ్ మండలి, 1947 చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం అర్హత రెండవది. బి.ఎస్సీ. అయితే విశ్వవిద్యాలయ అనుబంధము, డిప్లొమా అయితే పరీక్షామండలి మూడవది. నర్సింగ్ రంగానికి కొత్త జాతీయ కమిషన్ ఏర్పాటు చేసే చట్టం 2023లో వచ్చింది. కనుక రానున్న ఏళ్ళలో పేర్లు మారవచ్చు, అడగవలసిన ప్రశ్న మాత్రం మారదు: ఈ చదువు పూర్తి చేస్తే రాష్ట్ర మండలిలో నా పేరు నమోదు అవుతుందా?

ఫార్మసీకి 1948 ఫార్మసీ చట్టమే పునాది. ఆ చట్టంలోని 12వ సెక్షను కింద భారత ఫార్మసీ మండలి ఆమోదించిన కళాశాలలో చదివితేనే ఫార్మసిస్టుగా నమోదు సాధ్యం. నమోదు లేనివారు మందుల దుకాణానికి లైసెన్సు ఆధారం కాలేరు. డి.ఫార్మసీవారికి నిష్క్రమణ పరీక్ష పెట్టే నియమాలు 2022లో వచ్చాయి, తొలి పరీక్ష 2024 అక్టోబరులో జరిగింది. రెండేళ్ళు హాజరు వేయించుకొని పట్టా పుచ్చుకొనే కాలం వెళ్ళిపోతున్నదని దీని అర్థం.

ల్యాబ్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఫిజియోథెరపీ కోర్సుల విషయంలో చాలాకాలం దేశమంతటికీ ఒక్క చట్టం లేదు. ఆ లోటును పూడ్చుటకు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తులకు రెండు నుండి నాలుగేళ్ళలో కనీసం 2000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ వృత్తులకు మూడు నుండి ఆరేళ్ళలో కనీసం 3600 గంటల చదువు ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. ఆరు నెలలలో, ఏడాదిలో “ల్యాబ్ టెక్నీషియన్ పట్టా” ఇస్తామనే సంస్థలను ఈ కొలతతో కొలిచి చూడండి, నిజం బయటపడుతుంది.

నేను బోధించిన ఒక బాలిక సంగతి చెప్పాలి. తెలివైనది, నెమ్మదైనది. దూరపు నగరంలో ఒక సంస్థలో మూడేళ్ళు నర్సింగ్ చదివింది. తండ్రి కొబ్బరితోట తాకట్టు పెట్టాడు. తిరిగి వచ్చి నమోదుకు వెళితే ఆ సంస్థ ఆమె చేరిన సంవత్సరానికి ఏ మండలి జాబితాలోనూ లేదని తేలింది. ఆమెకు సూది వేయడం వచ్చు, రక్తపోటు చూడడం వచ్చు, రాత్రి విధులు చేయడం వచ్చు. నర్సు అని పిలిపించుకొనే హక్కు మాత్రం లేదు. ఇప్పుడొక చిన్న నర్సింగ్ హోములో సహాయకురాలి జీతానికి నర్సు పని చేస్తున్నది. అప్పటి కరపత్రంలో గుర్తింపు అనే మాట నాలుగు చోట్ల ఉన్నది, ఒక్కచోట కూడా సంవత్సరం లేదు.

కాబట్టి పాటించవలసిన పద్ధతి ఇది. కళాశాల చూపే జిరాక్సు కాగితంతో తృప్తి పడక, ఆయా మండలి వెబ్‌సైటులో ఆ ఏటి జాబితా తెరిచి కళాశాల పేరు, ఊరు, కోర్సు, సీట్ల సంఖ్య నాలుగూ సరిపోల్చండి. ఒకే యాజమాన్యానికి రెండు మూడు సంస్థలున్నప్పుడు ఒకదాని గుర్తింపును మరొకదానికి చూపే అవకాశం ఉంది. పేరులో ఒక్క మాట తేడా ఉన్నా ఆగండి.

రెండవ స్తంభం: ఆసుపత్రి

వైద్యరంగ విద్య పుస్తకంలో సగమే. మిగిలిన సగం పడక పక్కన నేర్చేది. భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం బి.ఎస్సీ. నర్సింగ్ కళాశాలకు కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలి. ఒక విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలన్నది మరొక ప్రమాణం. అరవై మంది ఒకేసారి వార్డులకు వెళితే 180 మంది రోగులు కావలెనన్నమాట. ముప్పై పడకల నర్సింగ్ హోమును చూపి “మా ఆసుపత్రి” అనే కళాశాలలో ఆ లెక్క ఎలా కుదురుతుంది?

కొన్ని కళాశాలలు ప్రభుత్వ ఆసుపత్రితో ఒప్పందం చూపుతాయి. అది తప్పు కాదు, నిజానికి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో కనిపించే రోగాల వైవిధ్యం ప్రైవేటులో కనిపించదు. పాముకాటు, మలేరియా, కాన్పు కష్టాలు, కాలిన గాయాలు ఒకే రాత్రి చూడవచ్చు. అయితే అదే ఆసుపత్రికి ఎన్ని కళాశాలల పిల్లలు వస్తున్నారన్నది తెలుసుకోవాలి. ఒక పడక చుట్టూ పదిహేను మంది నిలబడితే ముందు వరుసలోని ఇద్దరికే రోగి కనబడతాడు.

కళాశాలకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. ఏ ఆసుపత్రి? ఎన్ని పడకలు, సాధారణంగా ఎన్ని నిండి ఉంటాయి? ఒప్పంద పత్రం ఏ సంవత్సరం వరకు? కాన్పుల గదిలో ఒక్కొక్క విద్యార్థిని స్వయంగా ఎన్ని కాన్పులలో పాల్గొంటుంది? అక్కడికి వెళ్ళడానికి బస్సు ఉందా, రాత్రి విధులకు తోడు ఎవరు? తరువాత ఎవరికీ చెప్పకుండా ఒక ఉదయం ఆ ఆసుపత్రికే వెళ్ళండి. ఏకరూప దుస్తులలో ఉన్న పిల్లలు వార్డులలో ఉన్నారా, వరండాలో కూర్చొని ఉన్నారా అన్నది చూస్తే చాలు.

ఫార్మసీ, ల్యాబ్ కోర్సులకూ ఇదే సూత్రం. ప్రయోగశాలలో పరికరాలు ఉన్నవా అని గాక, వాటిని పిల్లలు వాడుతున్నారా అని చూడాలి. సూక్ష్మదర్శిని మీద దుమ్ము, రసాయన సీసాల మీద గడువు తేదీ, ప్రయోగ పుస్తకాలలో సంతకాల తేదీలు, ఈ మూడూ అబద్ధం చెప్పవు.

మూడవ స్తంభం: అధ్యాపకులు

నర్సింగ్ కళాశాలకు పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలన్నది ప్రమాణం. తనిఖీ దినమున కనిపించి తరువాత కనిపించని అధ్యాపకుల సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసినదే. కార్యాలయంలోని పేర్ల పట్టికను కాక, రెండవ, మూడవ సంవత్సరం విద్యార్థులను అడగండి: “ఈ వారం మీకు పాఠం చెప్పినది ఎవరు?” పేర్లు తడుముకోకుండా చెబితే మంచిది. కళాశాల ద్వారం వద్ద గాక బయట టీ దుకాణం దగ్గర అడిగితే ఇంకా మంచిది. గత మూడేళ్ళలో ఎందరు చేరారు, ఎందరు మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులయ్యారు, ఎందరు మధ్యలో మానివేశారు అని కూడా అడగాలి. చెప్పడానికి ఇష్టపడని కళాశాల అప్పటికే జవాబు చెప్పినట్లు.

ఆడపిల్లల వసతి గృహాన్ని తల్లి స్వయంగా చూడాలి. స్నానపు గదుల తలుపులు, రాత్రి కాపలా, వార్డెను అక్కడే నివసిస్తుందా, నీరు ఎక్కడి నుండి వస్తుంది, ఇవన్నీ చూడవలసినవే. ర్యాగింగును నిషేధిస్తూ విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో నిబంధనలు చేసింది. ఫిర్యాదు కొరకు దేశవ్యాప్త ఉచిత ఫోను సంఖ్య 1800-180-5522. ఈ సంఖ్యను పిల్లల నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పంపండి.

భాష: మనకు బరువా, బలమా?

మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఏదో ఒకటి, పుస్తకంలో ఇంగ్లీషు నేర్చినవారు. బరంపురం పెద్దాసుపత్రి వార్డులో ఒక పక్క భంజనగరం రైతు ఒడియాలో, మరొక పక్క కవిటి మత్స్యకార స్త్రీ తెలుగులో, ఇంకొక పక్క గజపతి కొండల సవర వృద్ధుడు తన భాషలో నొప్పి చెప్పుకుంటారు. రెండు భాషలు వచ్చిన నర్సు ఆ వార్డుకు వరము.

అయితే ఒక నిబంధన మరువరాదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. అందుకు రుజువుగా ఏడవ తరగతి లేదా ఆపై తరగతిలో ఒడియాను ఒక భాషగా చదివి ఉత్తీర్ణులై ఉండటమో, దానికి సమానంగా నిర్దేశించిన పరీక్ష పాసగుటయో కావాలి. నర్సింగ్ ఆఫీసర్ల నియామకాలు జరిపే ఒడిశా సబార్డినేట్ సిబ్బంది ఎంపిక సంఘం కూడా ఈ అర్హత కోరుతుంది. తెలుగు మాధ్యమంలో గాని, ఒడియా లేని ఇంగ్లీషు పాఠశాలలో గాని చదువుతున్న గంజాం పిల్లలు ఈ పరీక్ష సంగతి ముందే చూసుకొనవలెను. ఇంటి భాష తెలుగైనంత మాత్రాన ఒడియా అక్షరాలు వద్దనుకొనుట పిల్లల నోటి దగ్గరి కూడు తీసివేయుటే. అదే విధంగా శ్రీకాకుళం వైపు ఉద్యోగం చేయదలచినవారు తెలుగు రాయడం మరువరాదు.

ఒక రాష్ట్రంలో నమోదైన నర్సు మరొక రాష్ట్రంలో పనిచేయాలంటే అక్కడి మండలిలో నమోదు మార్చుకోవాలి. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల నియామక పరీక్షకు బి.ఎస్సీ. నర్సింగ్ వారు నేరుగా అర్హులు, జి.ఎన్.ఎం. వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. డిప్లొమాయా డిగ్రీయా అని తేల్చుకొనేటప్పుడు ఈ తేడాను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఖర్చు, రుణము, రసీదు

ఫీజు ఎంత అని ఒక్క మాటలో అడిగితే బోధనా రుసుము ఒక్కటే చెబుతారు. నాలుగేళ్ళకూ కలిపి బోధన, వసతి, భోజనం, ఏకరూప దుస్తులు, పుస్తకాలు, పరీక్ష రుసుము, ఆసుపత్రి శిక్షణ రుసుము, బస్సు, నమోదు రుసుము ఇవన్నీ కాగితం మీద రాయించుకొని ముద్ర వేయించుకోవాలి. రసీదు ఇవ్వని సొమ్ము కట్టరాదు. మధ్యవర్తి చేతికి అసలే ఇవ్వరాదు. అతనికి కళాశాల కమీషను ఇస్తుంది, ఆ కమీషను మన ఫీజులో నుండే వస్తుంది.

బ్యాంకుల ఆదర్శ విద్యారుణ పథకం కింద 4 లక్షల రూపాయల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు, మార్జిను సొమ్ము అవసరం లేదు. గుర్తింపు లేని కోర్సుకు బ్యాంకు అప్పు ఇవ్వదు. కాబట్టి బ్యాంకు మేనేజరు “ఈ కళాశాలకు ఇవ్వలేము” అంటే కోపగించక, ఎందుకో అడిగి తెలుసుకోండి. ఆయన పైసా తీసుకోకుండా మీ కొరకు ఒక తనిఖీ చేసిపెట్టినట్లే.

చేరిన తరువాత మంచి సీటు వేరేచోట వస్తే ఏమి చేయాలి? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 ప్రకటన ప్రకారం ఉన్నత విద్యా సంస్థలు అసలు ధ్రువపత్రాలను తమవద్ద ఉంచుకోరాదు. ప్రకటిత ప్రవేశ ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందు మానుకుంటే, కొద్దిపాటి నిర్వహణ ఖర్చు పోను పూర్తి ఫీజు తిరిగి రావాలి. ఆఖరి తేదీకి ముందరి 15 రోజులలో 90 శాతం, తరువాతి 15 రోజులలోపు 80 శాతం, ఆపై 30 రోజుల వరకు 50 శాతం. ఆ తరువాత ఏమీ రాదు. ఈ మాట తెలిసిన తండ్రిని “సర్టిఫికెట్లు ఇక్కడే ఉంటాయి” అని భయపెట్టడం కష్టం.

చివరిగా ఒక పట్టిక

ఈ వ్యాసాన్ని కత్తిరించి దాచుకొనువారి సౌకర్యార్థం ముఖ్యాంశాలు వరుసగా ఇస్తున్నాను.

1. పిల్ల ఏ రాష్ట్రానికి స్థానికురాలో ఎనిమిదవ తరగతిలోనే తేల్చుకోండి.
2. డాక్టరు చదువు ఒక్కటే కాక కనీసం మరి రెండు కోర్సుల గురించి ఇంట్లో మాట్లాడండి. పిల్ల మాట వినండి. రక్తం చూసి కళ్ళు తిరిగే బిడ్డను నర్సింగుకు పంపకండి, మందుల శాస్త్రం నచ్చవచ్చు.
3. మండలి వెబ్‌సైటులో ఆ ఏటి జాబితా చూసి పేరు, ఊరు, కోర్సు, సీట్లు సరిపోల్చండి.
4. ఆసుపత్రిని కళాశాలవారు లేనప్పుడు చూడండి.
5. చదువుతున్న పిల్లలతోను, చదివి వెళ్ళినవారితోను మాట్లాడండి.
6. వసతి గృహాన్ని తల్లి చూడాలి.
7. మొత్తం ఖర్చు కాగితం మీద, ప్రతి చెల్లింపుకు రసీదు.
8. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ వదలకండి.
9. “రేపటికల్లా కట్టండి” అన్నవానికి “ఎల్లుండి వస్తాము” అని చెప్పండి. మంచి కళాశాల ఎల్లుండి కూడా అక్కడే ఉంటుంది.

వ్రాతకోతలు రాని తల్లిదండ్రులు ఇవన్నీ ఎలా చూడగలరని కొందరు అడుగవచ్చు. ప్రతి గ్రామంలో ఒక ఉపాధ్యాయుడు, ఒక ఆరోగ్య కార్యకర్త, కళాశాల చదువుతున్న ఒక కుర్రవాడు ఉంటారు. చేరే ముందు ఈ ముగ్గురిలో ఒక్కరినైనా వెంట తీసుకొని వెళ్ళండి. ఒక దినపు బస్సు ఖర్చుకు, ఒక పూట పని మానుకున్నందుకు వెనుకాడవద్దు. తాకట్టు పెట్టిన పొలం విడిపించవచ్చును గాని, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో పోయిన మూడేళ్ళను ఏ బ్యాంకూ తిరిగి ఇవ్వదు.